డిజైను ఇంత మెరుగుపడిన తరువాత కూడా విమానాలకు ఇన్ని తనిఖీలు ఎందుకు?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, కర్నూలు):
బెంగళూరుకు వెళ్లవలసిన మా నాన్నగారు, ఓర్వకల్లు విమానాశ్రయానికి వచ్చే ఏటీఆర్ విమానానికి ప్రొపెల్లర్లు ఉండటం చూసి అది పాతకాలపుదేమోనని సందేహిస్తున్నారు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 విమానాలలో బరువు రీత్యా సుమారు సగం కాంపోజిట్లే (కార్బన్ ఫైబరు వంటి పోగులను జిగురుతో పొరలుగా అతికి చేసే పదార్థాలు) అని, వాటికి తుప్పు పట్టదని చదివాను. అటువంటి విమానాలకు కూడా తనిఖీలు అంతగా అవసరమా? అసలు విమానం వయసును ఎలా లెక్కిస్తారు?

జవాబు (విమాన మెయింటెనెన్స్ ఇంజనీరు, అనంతపురం):
ఏటీఆర్ ప్రొపెల్లరును తిప్పేది కూడా జెట్ విమానాలలో ఉండే తరహా గ్యాస్ టర్బైన్ ఇంజనేనని, తక్కువ దూరాలకు ఇంధనం ఆదా అవుతుంది కనుకనే దానిని నడుపుతారని నాన్నగారికి చెప్పండి.

తనిఖీలు డిజైనులోనే భాగం. ఎక్కడైనా పగులు పుడితే అది ప్రమాదకరమైన పొడవుకు పెరిగేలోగా తనిఖీలో కంటపడి తీరాలన్న లెక్కతోనే నేటి విమానాల నిర్మాణాన్ని రూపొందిస్తారు. ఆ తనిఖీ తప్పితే డిజైనరు వేసిన లెక్క కూడా తప్పినట్లే.

వయసును సంవత్సరాలతో పాటు సైకిళ్లలో, అంటే ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న సంఖ్యలో చూస్తాము. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 సుమారు 24,000 అడుగుల ఎత్తులో ఉండగా ముందుభాగపు పైకప్పు ఊడిపోయి, ఒక ఎయిర్ హోస్టెస్ మరణించారు. ద్వీపాల మధ్య చిన్న చిన్న ప్రయాణాలతోనే ఆ విమానం 89,680 సైకిళ్లు పూర్తి చేసింది; ప్రతిసారీ క్యాబిన్‌లో ఒత్తిడి పెరిగి తగ్గుతూ ఉండటంతో రేకులను కలిపి బిగించే రివెట్ల వెంట పగుళ్లు ఏర్పడ్డాయి, అతుకులు తుప్పు పట్టాయి, తనిఖీలలో అవి బయటపడలేదు.

కార్బన్ ఫైబరుకు తుప్పు పట్టదన్నది నిజమే. అయితే దానిని నేరుగా తాకే అల్యూమినియం మరింత త్వరగా తుప్పు పడుతుంది. పైగా లగేజీ బండి తగిలితే అల్యూమినియం మీద సొట్ట కనబడుతుంది. కాంపోజిట్‌లో పైన గీత కూడా లేకుండా లోపలి పొరలు విడిపోవచ్చు కనుక చెవికి వినబడని ధ్వని తరంగాలతో లోపలిని పరీక్షించే అల్ట్రాసోనిక్ పరికరంతో చూడవలసి వస్తుంది.

జవాబు (భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, కడప):
మరమ్మతు సరిగా జరగడం కూడా అంతే ముఖ్యమని చేర్చదలచాను. 1978లో తోక నేలకు రాసుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ 747 విమానపు వెనుక గోడను, అంటే క్యాబిన్ గాలి ఒత్తిడిని ఆపే ప్రెషర్ బల్క్‌హెడ్‌ను అతికినప్పుడు, రెండు వరుసల రివెట్లు మోయవలసిన భారం ఒకే వరుస మీద పడింది. ఆ అతుకు ఏడేళ్లు నిలిచి 1985 ఆగస్టు 12న తెగిపోగా 520 మంది మరణించారు. ఆ లోపాన్ని విద్యార్థులకు బోర్డు మీద గీసి చూపిస్తున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ప్రశ్న (కర్నూలు విద్యార్థి):
అయితే ప్రతి చిన్న లోపానికీ విమానాన్ని ఆపివేస్తారా?

జవాబు (అనంతపురం ఇంజనీరు):
ఆపరు. ఏ పరికరం పనిచేయకపోయినా ఎగరవచ్చో, ఎన్ని రోజులలోగా దానిని బాగుచేయాలో తెలిపే మినిమం ఎక్విప్‌మెంట్ లిస్టు ప్రతి విమానానికీ ఉంటుంది. లోపం ఆ జాబితా పరిధిలోకి రాకపోతే బాగుచేసేవరకు విమానం కదలదు. విమానయాన భద్రతను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నుండి లైసెన్సు పొంది, ఆ రకం విమానానికి అధికారం ఉన్న ఇంజనీరు పనిని పరిశీలించి సంతకం చేయాలి. సాంకేతిక కారణాల వల్ల ఆలస్యమని ప్రకటించినప్పుడు, చాలాసార్లు ఆ సంతకం కోసమే నాన్నగారు వేచి ఉండవలసి వస్తుంది.