అప్‌డేట్: 2022లో ఆ ఉపగ్రహాలు ఎందుకు రాలిపోయాయో అర్థమైంది

2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు సౌర తుఫానుకే (సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు, శక్తి తాకిడికే) స్పేస్‌ఎక్స్ ఉపగ్రహాలు ఎలా పడిపోయాయని మొన్న అడిగాను కదా. ఓపిగ్గా చెప్పిన వాళ్లందరికీ చాలా థాంక్స్. రేడియేషన్‌కి లోపలి సర్క్యూట్లు కాలిపోయాయేమో అనుకున్నాను, కాదు. తుఫాను శక్తికి పై వాతావరణం వేడెక్కి, పొయ్యి మీద పాలలా పొంగుతుంది. 3వ తేదీన పంపిన 49 ఉపగ్రహాలు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు 210 కిలోమీటర్ల ఎత్తులోనే ఉండేవి. అక్కడ గాలి చిక్కబడి, రాపిడి 50 శాతం దాకా పెరిగింది. అంచు మాత్రమే గాలికి తగిలేలా తిప్పినా 38 పోయాయి.

ఈ గాలి రాపిడి ఏంటో మా పాపకి కాగితం అడ్డంగా, నిలువుగా ఊపి చూపించాను. చెయ్యి ఆగడం చూసి వెంటనే విషయం పట్టేసింది. "మరి ఆ గాలి మళ్లీ కిందికి దిగుతుందా నాన్నా?" అంది. చల్లారాక దిగుతుంది.