బ్రెడ్డు పిండి పులిసిందా, పొంగిందా?

బ్రెడ్డు పిండిని "పులియబెట్టాలి" అనాలా, "పొంగనివ్వాలి" అనాలా అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. దానికి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. బ్రెడ్డు గురించి తెలుగులో చెప్పేవాళ్లు చాలామంది "పిండిని పులియబెట్టాలి" అంటున్నారు. మామూలు బ్రెడ్డుకి ఆ మాట నప్పదు. "పొంగనివ్వాలి" అనాలి.

బరంపురంలో నేను బేకరీ క్లాసుకి వెళ్తున్నాను. నేర్పే మాస్టారు ఒడియా ఆయన. గిన్నె మీది తడిగుడ్డ తీసి చూసి "ఫులిగలా" అంటారు, ఉబ్బింది అని. పులిసిందని ఎప్పుడూ అనరు. (ఒడియాలో బ్రెడ్డుని పాఉఁరుటి అంటారు. అందులో పాఉఁ పోర్చుగీసు వాళ్ల మాట, మరాఠీ పావ్ కూడా అక్కడిదే. ముక్కుతో పలికే ఆ అరసున్నని ఒడియా వాళ్లు భద్రంగా ఉంచుకున్నారు.) మా బ్యాచ్‌లో ఒకావిడ ఇంట్లో తెలుగు వీడియో చూసి, పులియబెట్టమన్నారు కదా అని ఇడ్లీ పిండిలాగే రాత్రంతా బయట వదిలేశారు. తెల్లారేసరికి పిండి చప్పబడి, జారుగా అయిపోయి, సారా వాసన కొట్టింది. ఆ మాట వింటే ఎవరైనా అదే చేస్తారు.

ఇడ్లీ పిండిలో పని ఎక్కువగా బ్యాక్టీరియాది. అవి ల్యాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి, గ్యాసూ వదులుతాయి. అందుకే అది పులుస్తుంది, పొంగుతుంది కూడా. బ్రెడ్డులో పని ఈస్టుది. అరకిలో మైదాకి 5 గ్రాముల పొడి ఈస్టు వేస్తే మన ఉక్కపోతలో గంట, గంటన్నరకే పిండి రెట్టింపవుతుంది. అంతలో పులుపు ఎక్కడిది? రాత్రంతా ఉంచితే మాత్రం ఈస్టుకి తిండి అయిపోయి, పిండిలో బిగువు పోయి కూలబడుతుంది.

పైగా "చారు రెండు పొంగులు రానిచ్చి దించు" అనడం మనకి అలవాటే. బ్రెడ్డుకీ రెండు పొంగులే: కలిపాక ఒకటి, ఉండలు చేశాక ఒకటి. రెండో పొంగు చాలిందో లేదో వేలితో నొక్కి చూస్తాం. గుంట వెంటనే పూడితే ఇంకా ఆగాలి. నెమ్మదిగా సగం పూడితే ఓవెన్లో పెట్టేయొచ్చు. అసలు పూడకపోతే ఆలస్యమైనట్టే.

రాయగడ నుంచి ఒక వ్యాఖ్య: మరి బైబిల్లో "పులియని రొట్టెలు" అనే ఉంది కదా అక్కా? పూరీ కూడా పొంగుతుంది, అందులో ఈస్టు ఏదీ?

జవాబు: బైబిల్లో ఆ మాట సరిగ్గానే ఉంది తమ్ముడూ. ఫ్యాక్టరీ ఈస్టు వచ్చింది 19వ శతాబ్దంలో. ఆ పాత రోజుల్లో పిండి ముద్ద కొంచెం దాచి, మర్నాటి పిండిలో కలిపేవారు. అది నిజంగానే పుల్లటి పిండి. ఇప్పుడు సవర్‌డో అంటున్నది అదే. దాన్ని పులిసిన రొట్టె అనాల్సిందే. ఇక పూరీ ఆవిరికి పొంగుతుంది, బ్రెడ్డు ఈస్టు వదిలే గ్యాసుకి పొంగుతుంది. రెండూ ఉబ్బి పైకి వచ్చేవే, కాబట్టి ఒకే మాట చాలు.

నాకు మాట దొరకనిది ఇంకొకటి ఉంది. బన్నుకి ఉండ చేసేటప్పుడు అంచులన్నీ కిందికి లాగి ముడుస్తాం. బల్ల మీద పొడి పిండి చల్లకుండానే ఉండని పెట్టి, అరచెయ్యి దాని మీద బోర్లించి గుండ్రంగా తిప్పుతాం. అడుగు బల్లకి కాస్త అంటుకుని లాగుతుంటే పైపొర బిర్రుగా సాగి నున్నగా వస్తుంది. ఆ బిర్రు లేకపోతే బన్ను పైకి లేవకుండా పక్కలకి పరుచుకుంటుంది. లడ్డూ చుట్టడంలో అంతా లోపలికి అదమడమే, ఇది అలా కాదు. అందుకే "చుట్టడం" అని రాయడానికి మనసొప్పడం లేదు. పర్లాకిమిడి, గుణుపురం వైపు పరోటా మాస్టర్లు మైదా ఉండని ఇలాగే తిప్పుతారు. వాళ్లు దీన్ని ఏమంటారో తెలిసినవాళ్లు రాయండి.