అతి తక్కువ మార్పులున్న వంశవృక్షాన్నే నమ్మాలా? పార్సిమొనీపై చర్చ

జంతుశాస్త్ర అధ్యాపకురాలు, చిత్తూరు:

డిగ్రీ తరగతిలో వర్గవికాసం (జీవుల వంశచరిత్ర) పాఠం చెబుతున్నాను. పార్సిమొనీ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు అడిగిన ప్రశ్నకు నాకే తృప్తికరమైన సమాధానం దొరకలేదు కనుక ఇక్కడ పెడుతున్నాను. పద్ధతి మీ అందరికీ తెలిసిందే: జీవుల లక్షణాలను పట్టికగా వేసుకుని, సాధ్యమైన ఒక్కొక్క వంశవృక్షం మీద ఆ లక్షణాలు మొత్తం ఎన్నిసార్లు మారి ఉండాలో లెక్కపెట్టి, అన్నిటికంటే తక్కువ మార్పులతో సరిపోయే వృక్షాన్ని ఎంచుకుంటాం. అయితే దీనికి ముందు అధ్యాయంలోనే సీతాకోకచిలుక రెక్కను, పక్షి రెక్కను చూపించి, ఇవి క్రియాసామ్య అవయవాలని, ఒకే అవసరం వేర్వేరు వంశాల్లో ఒకే రకమైన అవయవాన్ని పుట్టించగలదని చెప్పి వస్తాం. ఈ రెండు పాఠాలూ ఒకదానితో ఒకటి ఎలా పొసగుతాయన్నదే వాళ్ళ ప్రశ్న.

మన శేషాచలం కొండల్లోని బంగారు బల్లినే తీసుకోండి. దాని ప్రతి వేలి కొసనా ఆకు ఆకారంలో రెండు మెత్తలు జంటగా విచ్చుకుని ఉంటాయి. వాటి పట్టుతోనే అది నిటారు బండల మీదా, గుహల పైకప్పుల మీదా తిరుగుతుంది. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా రాతి ప్రాంతాల్లో ఉండే టయోడాక్టిలస్ అనే బల్లికి కూడా వేలి కొసలు దాదాపు ఇలాగే విచ్చుకుంటాయి. వేళ్ళను మాత్రమే చూస్తే ఈ రెండింటినీ ఒకే కొమ్మ మీద పెట్టాలి. డీఎన్ఏ మాత్రం బంగారు బల్లిని గెక్కోనిడే కుటుంబంలోనూ, రెండోదాన్ని ఫిల్లోడాక్టిలిడే కుటుంబంలోనూ చూపిస్తోంది. ప్రకృతి ఒకే పనిని రెండుసార్లు చేయగలదని తెలిసి కూడా, ఒక్కసారే చేసిందనే వృక్షానికి ఎక్కువ మార్కులు వేయడం న్యాయమేనా?

పరిశోధక విద్యార్థి, తిరుపతి:

మేడం, మీరు చెప్పిన ఉదాహరణ పార్సిమొనీకి వ్యతిరేకం కాదు, అనుకూలమని నేను అంటాను. ప్రకృతి పొదుపుగా నడుస్తుందని పార్సిమొనీ ఎక్కడా చెప్పదు. ఆధారం చూపకుండా అదనపు మార్పును ఊహించవద్దని మాత్రమే అది మనకు చెబుతుంది. విల్లీ హెన్నిగ్ అనే జర్మన్ కీటకశాస్త్రవేత్త వేసిన పునాది ఇదే: రెండు జీవుల్లో ఒక లక్షణం ఒకేలా ఉంటే, కాదనడానికి వేరే సాక్ష్యం దొరికేదాకా దాన్ని ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినదిగా చూడాలి. లేకపోతే ఏ పోలికనైనా 'అది విడిగా పుట్టింది' అని కొట్టిపారేయవచ్చు, అప్పుడు ఎవరికి నచ్చిన వృక్షాన్ని వాళ్ళు గీసుకోవచ్చు. వర్గీకరణ శాస్త్రవేత్త స్టీవ్ ఫారిస్ 1983లో ఈ వాదనకు మరింత పదును పెట్టారు: ఒకే లక్షణం పలుమార్లు పుట్టడం అరుదని పార్సిమొనీ అనుకోవడం లేదు, అలాంటి ఊహలను అవసరానికి మించి చేయనివ్వదు, అంతే.

బంగారు బల్లి విషయంలో తీర్పు చెప్పేది వేలి మెత్తలు ఒక్కటే కాదు. వందల లక్షణాలను కలిపి లెక్కపెట్టినప్పుడు, వేలి మెత్తకు ఒక అదనపు మార్పును ఖర్చుపెట్టి మిగతా లక్షణాల్లో అంతకు మించి ఆదా చేసే వృక్షం ముందుకు వస్తుంది. అంటే వేలి మెత్త రెండుసార్లు పుట్టిందన్న సంగతి ఆ లెక్కలోంచే బయటపడుతుంది. వృక్షం చేతిలో లేకుండా, ఏది విడిగా పుట్టిందో ఏది వారసత్వంగా వచ్చిందో మనకు ముందుగా ఎలా తెలుస్తుంది?

గణాంకశాస్త్ర విద్యార్థిని, తిరుపతి:

అన్నా, లక్షణాల సంఖ్య పెరిగితే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిజం పైకి తేలుతుందన్న నమ్మకం మీదే మీ వాదన నిలబడి ఉంది. ఆ నమ్మకం అన్ని చోట్లా చెల్లదని అమెరికన్ జీవశాస్త్రవేత్త జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ 1978లోనే గణితంతో రుజువు చేశారు. ఆ లెక్క చిన్నదే కనుక మొత్తం చూపిస్తాను.

క, చ, ట, ప అని నాలుగు జీవులున్నాయి. నిజంగా క, చ ఒక జత. ట, ప మరో జత. ప్రతి లక్షణానికీ రెండే స్థితులు, ఉండటం లేదా లేకపోవడం. క, ట ల కొమ్మల మీద పరిణామం వేగంగా నడిచింది, వాటి మీద ఒక లక్షణం స్థితి మారే అవకాశం 40 శాతం. చ, ప ల కొమ్మల మీదా, రెండు జతలను కలిపే నడిమి కొమ్మ మీదా ఆ అవకాశం 5 శాతమే. ఇలాంటి లక్షణాలు 1000 తీసుకుంటే, నిజమైన జతలను సమర్థించేవి సగటున 38 వస్తాయి. క, ట లను ఒక జతగా చూపించేవి 139 వస్తాయి. మిగిలిన మూడో అమరికకు 29 పడతాయి.

కారణం స్పష్టం. క, ట రెండూ విడివిడిగా మారి ఒకే స్థితికి చేరే అవకాశం 40 శాతంలో 40 శాతం, అంటే 16 శాతం. అసలు బంధుత్వాన్ని నమోదు చేయగల నడిమి కొమ్మ మీద మార్పు జరిగే అవకాశం 5 శాతం మాత్రమే. లక్షణాలను 10,000కు పెంచితే 379కి ఎదురుగా 1,392 నిలుస్తాయి. ఆధారం పెరిగే కొద్దీ పార్సిమొనీ అదే తప్పును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మార్పులు ఎక్కువగా జరిగిన కొమ్మను పొడవుగా గీస్తారు కనుక, పొడవైన కొమ్మలు ఒకదాన్నొకటి లాక్కోవడం అని దీన్ని అంటారు.

మీరు పార్సిమొనీకి ఊహలు లేవన్నట్టు రాశారు. ఏ కొమ్మ మీద జరిగినా, ఏ లక్షణంలో జరిగినా, ప్రతి మార్పు విలువ ఒకటే అనడం కూడా ఊహే కదా? లైక్లీహుడ్ పద్ధతి, అంటే మార్పులు ఎలా జరుగుతాయో ఒక గణిత నమూనా పెట్టుకుని, మన పట్టికలోని లక్షణాలు వచ్చే అవకాశం ఏ వృక్షం మీద ఎక్కువో చూసే పద్ధతి, కొమ్మల పొడవును, మార్పుల వేగాన్ని బాహాటంగా లెక్కలోకి తీసుకుంటుంది. తన ఊహ ఏమిటో చెబుతుంది కనుక దాన్ని పరీక్షించవచ్చు, కాదంటే మార్చవచ్చు. బల్లుల సంగతే చూడండి: గెక్కోలన్నిటినీ (ఈ రెండు బల్లులూ ఉన్న పెద్ద సమూహాన్ని) కలిపి చూసిన 2012 నాటి డీఎన్ఏ అధ్యయనం, అంటుకునే వేలి మెత్తలు సుమారు 11 సార్లు పుట్టి, 9 సార్లు పోయి ఉంటాయని అంచనా వేసింది. ఇంత తేలికగా వచ్చిపోయే లక్షణానికీ, కోట్ల ఏళ్ళకు ఒకసారి మారే లక్షణానికీ ఒకే విలువ ఎలా ఇస్తాం?

పట్టు పరిశ్రమ, పలమనేరు:

నేను జీవశాస్త్రం చదివి పట్టు పరిశ్రమలో పనిచేస్తున్నాను. గణాంకాల చెల్లెలు చెప్పిన ఇబ్బంది మా ప్రాంతంలో రైతులకు తెలిసిన ఒక పురుగు జబ్బు వెనుక కూడా ఉంది కనుక ఒక మాట కలుపుతున్నాను. పట్టుపురుగులకు వచ్చే పెబ్రిన్ తల్లి చిలుక నుంచి గుడ్డులోకి దిగుతుంది. అందుకే విత్తన కేంద్రాల్లో గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నలిపి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కోడిగుడ్డు ఆకారంలో మెరిసే బీజాలు (స్పోర్లు) కనిపిస్తే ఆ గుడ్లను నాశనం చేస్తారు. ఆ బీజాలు నోసిమా బాంబిసిస్ అనే సూక్ష్మజీవివి, అది మైక్రోస్పోరిడియా సమూహానికి చెందినది.

ఈ సమూహానికి కణంలో శక్తిని తయారుచేసే మామూలు మైటోకాండ్రియా కనిపించదు. 1987లో రైబోసోమ్ ఆర్ఎన్ఏ వరుసలను పోల్చినప్పుడు ఇవి నిజకేంద్రక జీవుల (కణంలో కేంద్రకం ఉన్న జీవుల) వృక్షంలో దాదాపు మొదట్లోనే విడిపోయిన అతి ప్రాచీన జీవులుగా కనిపించాయి. రెండు రకాల సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నాయి కదా అని చాలామంది నమ్మారు. 1990లలో ట్యూబ్యులిన్, ఆర్ఎన్ఏ పాలిమరేజ్ వంటి వేరే జన్యువులను చూసినప్పుడు ఇవి శిలీంధ్రాల దగ్గరి బంధువులని తేలింది. వీటి రైబోసోమ్ ఆర్ఎన్ఏ చాలా వేగంగా మారిపోయి ఉండటంతో ఆ పొడవైన కొమ్మ వృక్షం అడుగుకు జారిపోయింది. 2002లో ఈ సమూహంలోని ఒక జీవిలో మైటోకాండ్రియా అవశేషం కూడా దొరికింది.

నాకు ఇందులో ముఖ్యమనిపించేది ఏమిటంటే, పరాన్నజీవులు అవసరం లేని అవయవాలను పోగొట్టుకుంటూ ఉంటాయి. ఒక సంక్లిష్టమైన నిర్మాణం కొత్తగా పుట్టడం ఎంత కష్టమో, అది పోవడం అంత సులభం. రెండింటికీ ఒక్కొక్క మార్పే లెక్కవేస్తే, లేమిలో కనబడే పోలికకు మనం అర్హతకు మించిన విలువ ఇచ్చినట్టవుతుంది.

పరిశోధక విద్యార్థి, తిరుపతి:

పలమనేరు అన్నగారి ఉదాహరణ చాలా బాగుంది, కానీ అది పార్సిమొనీ ఒక్కదాని మీద నేరారోపణ కాదు. వరుసల మధ్య దూరాలను కొలిచే పద్ధతులూ, మరీ సరళమైన నమూనాతో నడిచే లైక్లీహుడ్ కూడా పొడవైన కొమ్మల దగ్గర బోల్తా పడతాయి. అక్కడ దారి చూపింది వేరే జన్యువులు, అంటే నెమ్మదిగా మారిన లక్షణాలు. పుట్టడం, పోవడం ఒకే ధర కాకూడదన్నది కూడా నిజమే. పార్సిమొనీలో ఒక్కో రకం మార్పుకు ఒక్కో బరువు ఇచ్చే వెసులుబాటు చాలాకాలంగా ఉంది.

తిమింగలాల సంగతి చూడండి. పళ్ళ పోలికను బట్టి మెసోనికిడ్లు అనే అంతరించిన మాంసాహారులే వీటికి దగ్గరి బంధువులని ఎముకలు చదివినవాళ్ళు చాలాకాలం అనుకున్నారు. 1999లో జపాన్ పరిశోధకులు జన్యుపదార్థంలోకి దూరిన సైన్, లైన్ అనే డీఎన్ఏ ముక్కలను పరిశీలించి, తిమింగలాలకూ నీటి ఏనుగులకూ (హిప్పోలకూ) ఒకే చోట ఒకే ముక్కలు ఉన్నాయని చూపించారు. సరిగ్గా అదే చోట అదే ముక్క రెండు వంశాల్లో విడివిడిగా దూరడం అత్యంత అరుదు. దూరినది జాడ లేకుండా బయటికి పోవడమూ అంతే. ఇక్కడ బంధుత్వాన్ని తేల్చినది ఏ సంక్లిష్ట నమూనానో కాదు, మార్పులను లెక్కపెట్టడమే. రెండేళ్ళకు, 2001లో, పాకిస్తాన్‌లో దొరికిన తొలి తిమింగలాల చీలమండ ఎముకకు రెండు చివరలా గిలక ఆకారం ఉందని, అది మేక, జింక, నీటి ఏనుగు వంటి జంట గిట్టల జంతువుల గుర్తు అని ప్రచురితమైంది. మెసోనికిడ్ల పళ్ళ పోలిక అప్పుడు నిలవలేదు.

గణాంకశాస్త్ర విద్యార్థిని, తిరుపతి:

సైన్ ముక్కల విషయంలో నాకు అభ్యంతరం ఏమీ లేదు, ఎందుకంటే నా లెక్కలో 40 శాతం ఉన్న చోట సున్నాకు దగ్గరి సంఖ్యను పెడితే ఆ ఆకర్షణ దానంతట అదే మాయమవుతుంది. నేను పెట్టిన ఉదాహరణలోని నియమం కూడా సరిగ్గా ఇదే: పొడవైన కొమ్మ మీద మార్పు అవకాశాన్ని దానితోనే గుణించిన విలువ, పొట్టి కొమ్మ మీద మార్పు జరిగే అవకాశాన్ని జరగని అవకాశంతో గుణించిన విలువను మించితే పార్సిమొనీ తప్పుదారి పడుతుంది, మించకపోతే పడదు. కనుక మార్పులు అరుదైన చోట పార్సిమొనీ సరిగా పనిచేస్తుంది. కానీ ఫలానా లక్షణంలో మార్పు అరుదని చెప్పడమే పరిణామం ఎలా నడిచిందన్న ఒక ఊహ. ఆ మాట మీరు ఒప్పుకున్నాక, ఊహలు లేని పద్ధతి అని దాన్ని లైక్లీహుడ్‌కు పైన కూర్చోబెట్టడం కుదరదు. 2016లో ఈ రంగానికి చెందిన క్లాడిస్టిక్స్ అనే పరిశోధన పత్రిక సంపాదకీయం పార్సిమొనీనే ప్రామాణికంగా ప్రకటించి, వేరే పద్ధతి ఎంచుకున్నవాళ్ళు తాత్త్వికంగా సమర్థించుకోవాలన్నప్పుడు అంత వ్యతిరేకత రావడానికి కారణం ఇదే.

పరిశోధక విద్యార్థి, తిరుపతి:

ఆ సంపాదకీయాన్ని నేను సమర్థించను. సమర్థన భారం రెండు పక్షాల మీదా ఉండాలి. శిలాజాల దగ్గర మాత్రం నా మాట అలాగే ఉంది: ఒక చీలమండ ఎముక ఏ వేగంతో మారిందో చెప్పే నమూనాను నమ్మకంగా నిర్మించడానికి చాలినంత సమాచారం ఉండదు. శరీర లక్షణాలకు లైక్లీహుడ్ వాడేందుకు 2001లో వచ్చిన ఎంకే నమూనా వంటివి ప్రయత్నించవచ్చు, కానీ అవి కూడా స్థితులన్నీ ఒకదాని నుంచి ఒకదానికి సమానంగా మారతాయనే అనుకుంటాయి. అక్కడ రెండు పద్ధతులతోనూ వృక్షాలు కట్టి, అవి ఎక్కడ విడిపోతున్నాయో చెప్పి, ఆ చోట ఏయే లక్షణాలు ఓటు వేస్తున్నాయో ఒక్కొక్కటిగా చూపించాలని నా కోరిక.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు, చిత్తూరు:

అందరికీ ధన్యవాదాలు. వచ్చే వారం తరగతిలో ముందు నాలుగు జీవుల పట్టికను పాత పద్ధతిలోనే చేయిస్తాను. నాలుగు జీవులకు వేరు చూపని వృక్షాలు (మూల పూర్వీకుడి చోటు గుర్తించనివి) మూడే కనుక పిల్లలు చేత్తో లెక్కపెట్టగలరు. పది జీవులైతే అలాంటి వృక్షాలు 20,27,025 అవుతాయని చెప్పి, కంప్యూటర్ ఎందుకు కావాలో అక్కడే చూపిస్తాను. ఆ తర్వాత 38, 139 లెక్కను బోర్డు మీద పూర్తిగా వేసి, పొడవైన కొమ్మల విలువను 40 నుంచి 30కి, 20కి తగ్గిస్తూ, ఏ దగ్గర నిజమైన జత గెలవడం మొదలవుతుందో వాళ్ళచేతే వెతికిస్తాను. గణాంకాలమ్మా, ఆ పట్టిక మొత్తం వేసి పంపగలవా? నడిమి కొమ్మకు 5 శాతమే ఉంచు.