పెళ్లిళ్లకి రెండో బాడీ: ఆర్8 ఫుల్ ఫ్రేమా, ఆర్7 క్రాపా?

గోదారి క్లిక్స్: ప్రస్తుతం ఒక్క కెనాన్ ఆర్6 మార్క్ 2తో పెళ్లిళ్లు చేస్తున్నాను. లెన్సులు 24-70, 70-200 ఎంఎం, రెండూ 2.8 అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం). శ్రావణం ముహూర్తాల లోపు రెండో బాడీ, అంటే ఇంకో కెమెరా, కొనాలి. పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ ఆర్8, చిన్న సెన్సర్ ఉన్న క్రాప్ ఆర్7, ఏది తీసుకోమంటారు?

ఫ్లాష్ మూర్తి: ఆర్8. రెండు బాడీల రంగులు కలుస్తాయి, ఆల్బమ్ చేసేవాడికి తలనొప్పి ఉండదు. అర్ధరాత్రి ముహూర్తంలో వెలుతురు చాలక ఐఎస్ఓ (సెన్సిటివిటీ) 6400 దాటితే క్రాప్‌లో నాయిస్ (గింజల్లాంటి చుక్కలు) ఎక్కువ. పైగా క్రాప్ మీద 2.8 అంటే 4.5 కిందే లెక్క.

ఓరుగల్లు లెన్స్: మూర్తి గారూ, 2.8 ఎక్కడైనా 2.8యే. ఎక్స్‌పోజర్ మారదు, వెలుతురు అంతే పడుతుంది. నా ఓటు ఆర్7కి. క్రాప్ 1.6 రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 70-200 తగిలిస్తే 112-320 లాగా పనిచేస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మండపం ముందు వీడియోవాళ్లు, ఫోన్లు ఎత్తిన బంధువులు గోడ కట్టేస్తారు. వెనక కుర్చీ ఎక్కి, అడ్డుతెర పక్కనుంచి పెళ్లికూతురి కళ్లు పట్టాలంటే ఆ రీచ్ ఉండాలి.

ఫ్లాష్ మూర్తి: ఎక్స్‌పోజర్ మారుతుందని నేనెక్కడన్నాను? వెనక మసకయ్యే బ్లర్ సంగతి చెప్పాను.

ఓరుగల్లు లెన్స్: 4.5 అన్నది మీరే కదండీ. పైన ఉంది, చదువుకోండి.

బుజ్జి: నిరుడూ ఇదే గొడవ.

ఫ్లాష్ మూర్తి: ఆర్7లో సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ పెట్టి తలంబ్రాలు తీసి చూడండి, విసిరే చేతులు వంకరపోతాయి.

ఓరుగల్లు లెన్స్: మెకానికల్ షట్టర్ పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు? ఆర్8లో కార్డు స్లాట్ ఒక్కటే, అది మాట్లాడరేం? ఒక్క స్లాట్ బాడీతో నేను పడ్డ పాట్లు పగవాడికీ వద్దు. అప్పగింతలన్నీ ఉన్న కార్డు తెరుచుకోలేదు. పెళ్లికూతురి తండ్రి నన్ను వీధిలో నిలబెట్టి కడిగేశాడు, బ్యాలెన్స్ ఎగ్గొట్టాడు. ఆర్7లో రెండు స్లాట్లు. ఆర్6 బ్యాటరీలే దీనికీ సరిపోతాయి, ఆర్8కి వేరే చిన్న బ్యాటరీ కొనాలి.

ఫ్లాష్ మూర్తి: మీ కార్డు పోతే లోకమంతా ఆర్7 కొనాలా? నాకు పెళ్లి మధ్యలో మెయిన్ బాడీయే ఆగిపోయింది. చేతిలో మిగిలింది క్రాప్. 24-70 పెడితే 38 నుంచి మొదలు, వైడ్ రాదు. ఇరుకు ఇల్లు, వెనక్కి జరుగుదామంటే గోడ. గ్రూప్ ఫోటోలో చివరనున్న మేనమామ సగమే పడ్డాడు, ఆ గొడవ నా మీదికే వచ్చింది. మొదటిది చచ్చినా పెళ్లి నడిపించేదే రెండో బాడీ.

ఓరుగల్లు లెన్స్: అలా చెప్పండి! మీరు బ్యాగులో పడుకునే స్పేర్ గురించి మాట్లాడుతున్నారు. నేను రెండూ మెడలో వేసుకుని తిరిగేవాణ్ణి.

స్టూడియో సాయి: గోదారి గారూ, రెండోది ఎవరి చేతిలో ఉంటుంది?

గోదారి క్లిక్స్: తమ్ముడి చేతిలోనండి. వాడికి 70-200, నాకు 24-70.

ఓరుగల్లు లెన్స్: ఇంకేం, ఆర్7.

ఫ్లాష్ మూర్తి: ఆర్6 ఆగిపోతే?

గోదారి క్లిక్స్: ఆర్7ని 18-150 కిట్ లెన్స్‌తో కొంటే? 18 అంటే 29 దాకా వైడ్ వస్తుంది కదా.

ఫ్లాష్ మూర్తి: దాని అపెర్చర్ చూశారా? 3.5 నుంచి 6.3. అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, రాత్రి పూట ఫ్లాష్ లేనిదే కదలదు.

ఓరుగల్లు లెన్స్: ఆ మాట మీరే అంటున్నారా, ఫ్లాష్ మూర్తి గారూ?