పాచి పట్టి జారుతున్న చెక్క డెక్: తక్కువ ఖర్చులో బాగుచేసుకున్నవాళ్లు చెప్పండి (బెంగళూరు)

జేపీనగర్_పెరడు:
అందరికీ నమస్కారం. మాది జేపీ నగర్‌లో పాత ఇండిపెండెంట్ ఇల్లు. పెరట్లో మామిడి చెట్టు కింద ఒక గదంత చెక్క డెక్ (పలకలు పరిచి వేసిన నేల) ఉంది. పైన్ చెక్క, మాకంటే ముందున్నవాళ్లు వేయించింది. ఇప్పుడు బూడిద రంగుకు తిరిగింది. స్క్రూల చుట్టూ నల్ల మరకలు, చెట్టు వైపు పచ్చగా పాచి. చినుకు పడితే చాలు, కాలు నిలవదు. మా అత్తగారు రోజూ పొద్దున్నే తులసి కోట దగ్గరికి దాని మీదుగానే వెళ్లాలి. నా టెన్షనంతా అదే.

ఒక కాంట్రాక్టర్ చూసి, మొత్తం పీకేసి డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలకలు) వేసుకోమన్నాడు. ఆ ఖర్చు ఇప్పుడు మా వల్ల కాదు. ఇంకొకాయన, పైన పీయూ (పాలీయురేథేన్) కోటింగ్ కొట్టేస్తే కొత్తదానిలా మెరుస్తుందన్నాడు. మావారూ నేనూ కలిసి శని, ఆదివారాల్లో చేసుకోగలిగే దారి ఉంటే చెప్పండి.

చెక్కపని:
అమ్మా, పీయూ మాత్రం వద్దు. ఇంట్లో టేబుల్‌కి అది బాగుంటుంది. ఎండా వానా తగిలే నేల మీద పీయూ గానీ వార్నిష్ గానీ ఒక పొరలా కూర్చుంటుంది. చెక్క తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకునేసరికి ఆ పొర పగులుతుంది. పగులులోంచి దిగిన నీరు మళ్లీ బయటికి రాలేక లోపల చెక్కని కుళ్లబెడుతుంది. పైగా నున్నటి పొర తడిస్తే ఇప్పటికంటే ఎక్కువ జారుతుంది. జారుడు తగ్గించడానికే కదా మీ తాపత్రయం.

డబ్బు పెట్టే ముందు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని ప్రతి పలకనీ పొడిచి చూడండి. ముఖ్యంగా చివర్లు, స్క్రూల చుట్టూ, కింద అడ్డకర్రల మీద పలక ఆనే చోట. మొన గట్టిగా ఆగితే ఆ చెక్క బతికే ఉంది, రంగు ఎలా ఉన్నా సరే. మెత్తగా దిగిపోతే ఆ పలక ఒక్కటే మార్చుకోవచ్చు. కింద అడ్డకర్రలు మెత్తబడ్డాయంటే మాత్రం పైపై పనులు దండగ, ముందు వాటి సంగతి చూడాలి. పనిలో పనిగా చెదల మట్టి గూళ్లు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి.

ఇంకో మాట. పైముఖం బాగా అరిగిన పలకని స్క్రూలు విప్పి తిరగేసి బిగించవచ్చు. చాలాసార్లు అడుగు ముఖం కొత్త చెక్కలాగే ఉంటుంది. దానికి అయ్యే ఖర్చల్లా కొత్త స్క్రూలే. ఎస్‌జేపీ రోడ్డులో స్టెయిన్‌లెస్ స్క్రూలు బాక్సు లెక్కన దొరుకుతాయి. మామూలు ఇనుప స్క్రూలు కొనకండి. మీకు కనిపిస్తున్న నల్ల మరకలు వాటి వల్ల వచ్చినవే.

మిద్దెతోట_హెచ్‌ఎస్‌ఆర్:
మామిడి చెట్టు కింద అన్నారు కాబట్టి అడుగుతున్నా. పూత కాలంలో డెక్ మీద జిగురుగా ఉండి, తర్వాత మసి రాసినట్టు నల్లబడుతోందా? అలా అయితే అది పాచి కాదు. మామిడి పూత మీద తేనెమంచు పురుగులు చేరి తీపి జిగురు విసర్జిస్తాయి. అది కింద పడిన చోటల్లా మసి తెగులు పెరుగుతుంది. మా మేడ మీద కుండీలో పెంచే మామిడి కిందా ఇదే గొడవ. జిగురు ఎండకముందే సబ్బునీళ్లతో కడిగితే సులువుగా పోతుంది, ముదిరితే బ్రష్ అరిగిపోవాల్సిందే. డెక్ మీదికి వంగిన కొమ్మలు కాస్త కత్తిరించండి, కాయలు కోశాక. ఎండ పడితే సగం పాచి తనంతట అదే తగ్గుతుంది.

సర్జాపూర్_రవి:
ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చుకుంటే ఒక పూటలో అయిపోతుంది కదండీ? మా అపార్ట్‌మెంట్‌లో కారు పార్కింగ్ అలాగే కడుగుతారు.

చెక్కపని:
రవి గారూ, సిమెంటు నేల వేరు, పైన్ చెక్క వేరు. పైన్ మెత్తటి చెక్క. కారు కడిగే ఒత్తిడితో కొడితే మెత్తటి భాగం ఎగిరిపోయి గట్టి చారలు మిగులుతాయి, పైనంతా నార లేచి పీచు పీచుగా అవుతుంది. ఆ పీచులో తడి నిలుస్తుంది, పాచి ఇంకా తొందరగా వస్తుంది. వాడే తీరాలంటే విసనకర్రలా నీళ్లు విరజిమ్మే నాజిల్ పెట్టి, ఒత్తిడి 500–600 పీఎస్ఐ దాటకుండా, అడుగు దూరం నుంచి, నార వెంబడి (పలక పొడవు వైపు) మాత్రమే. టేకు లాంటి గట్టి చెక్క దీనికంటే ఎక్కువే ఓర్చుకుంటుంది. అయినా ఇంట్లో చేసుకునేవాళ్లకి నేను బ్రష్షే చెబుతాను.

కెంగేరి_లక్ష్మి:
నీళ్ల సంగతీ చూసుకోవాలి. 2024 మార్చిలో బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ (బెంగళూరు నీటి బోర్డు) తాగునీటితో కార్లు కడగడం, తోటలకు పెట్టడం నిషేధించి 5,000 రూపాయల జరిమానా అంది. అప్పటినుంచి మేం ఆర్వో వదిలేసే నీళ్లు డ్రమ్ములో పట్టి, బయట కడుగుళ్లన్నిటికీ అవే వాడుతున్నాం. డెక్ రుద్దడానికి రెండు బకెట్లు, కడగడానికి సన్నగా పైపు సరిపోతాయి.

కెమిస్ట్రీ_మాస్టారు:
కాస్త వివరంగా రాస్తాను. ఈ పనిలో డబ్బు ఆదా అయ్యేదీ, ప్రమాదం ఉన్నదీ కూడా రసాయనాల దగ్గరే.

మొదట పొడి పని. పలకల మధ్య సందుల్లో ఇరుక్కున్న ఆకులు, మట్టి పుట్టీ బ్లేడుతోనో పాత హాక్సా బ్లేడుతోనో గీకి తీసేయండి. చాలామంది వదిలేసే పని ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనదీ ఇదే. సందు మూసుకుపోతే నీరు కిందికి దిగదు. నీరు దిగని చోట ఎన్నిసార్లు కడిగినా పాచి తిరిగొస్తుంది. సందు కనీసం 5 మిల్లీమీటర్లు ఖాళీగా కనబడాలి.

తర్వాత పాచికి సోడియం పెర్కార్బొనేట్. ఆన్‌లైన్‌లో ఆక్సిజన్ బ్లీచ్ పేరుతో పొడిగా దొరుకుతుంది. నీళ్లలో కలిపితే హైడ్రోజన్ పెరాక్సైడు, బట్టల సోడాగా విడిపోతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50–60 గ్రాములు. ముందుగా డెక్ తడిపి, ఇది పోసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఆరిపోకుండా చూసి, గట్టి నైలాన్ బ్రష్‌తో నార వెంబడి రుద్దండి. కలిపిన నీళ్లు ఆ పూటే వాడేయాలి. మిగిలాయని సీసాలో పోసి మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. ఇనుప తీగ బ్రష్, స్టీలు పీచు అసలు వాడొద్దు. వాటి ముక్కలు చెక్కలో ఉండిపోయి తుప్పు చుక్కలు వస్తాయి.

ఇది క్షారం కాబట్టి కడిగాక చెక్క ముదురు రంగుకు తిరుగుతుంది. కంగారు పడొద్దు. బూడిద రంగు, స్క్రూల దగ్గర నల్ల మరకలు పోవాలంటే రెండో విడత ఆక్సాలిక్ యాసిడ్. లీటరుకు 30–40 గ్రాములు, పది పదిహేను నిమిషాలు ఉంచి బాగా కడగాలి. చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి ఏర్పడిన నలుపుని ఇది కరిగిస్తుంది. విషం సుమా. లోపలికి పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. గ్లవ్స్, కళ్లద్దాలు, పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పవు. పిల్లల్నీ కుక్కల్నీ అటు రానీయకండి. తులసి కోటని ప్లాస్టిక్ షీటుతో కప్పి, చుట్టూ మొక్కలకు ముందూ వెనుకా మంచినీళ్లు పోయండి.

ఈ ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు: ఇంట్లో బ్లీచింగ్ పౌడర్ ఉంది కదా అని చల్లి, దాని మీద ఏ యాసిడూ పోయకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బ్లీచింగ్ పౌడర్ విడిగా వాడినా చెక్క నారని తింటుంది, స్క్రూలని తుప్పు పట్టిస్తుంది. చెక్కకి అది పనికిరాదు.

గుంటూరు_టు_బెంగళూరు:
మా నాన్నగారు బావి గట్టు పాచికి మైలుతుత్తం నీళ్లు చల్లేవారు, మళ్లీ చాన్నాళ్లు పాచి వచ్చేది కాదు. డెక్‌కి పనిచేయదా మాస్టారూ?

కెమిస్ట్రీ_మాస్టారు:
పాచి చస్తుందండీ, అందులో అనుమానం లేదు. కానీ డెక్‌లో ఇనుప, జింకు పూత స్క్రూలుంటాయి. మైలుతుత్తంలోని రాగి వాటి మీద పేరుకుని ఇనుమునీ జింకునీ తినేస్తుంది. కిందికి కారిన రాగి మట్టిలో ఉండిపోయి వానపాములకు చేటు. దగ్గర్లో చేపల తొట్టి ఉంటే చేపలు చస్తాయి. బావి గట్టు రాయి కాబట్టి నాన్నగారికి సరిపోయింది.

అడయార్_గాలి:
చెన్నై నుంచి. మా చుట్టాలది వేళచ్చేరి, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి వాళ్ల డెక్ నీళ్లలో మునిగింది. బురద నీరు తీశాక చూస్తే పలకలన్నీ ఉబ్బి ఉన్నాయి. అందరూ పీకేయమన్నారు. వాళ్లు సందులు శుభ్రం చేసి, కింద గాలి ఆడేలా అడ్డుగా ఉన్న కుండీలన్నీ జరిపి, సంక్రాంతి దాటేదాకా అలాగే వదిలేశారు. మార్చాల్సి వచ్చింది కొన్ని పలకలే.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లకి ఒక సూచన. స్టెయిన్‌లెస్‌లో 304 రకం ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది, 316 అడిగి తీసుకోండి. బెంగళూరుకి 304 చాలు. డబ్ల్యూపీసీ మా ఫ్లాట్‌లో ఉంది. ఏప్రిల్, మే మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. నీడ ఉన్న మూల దాని మీదా పాచి వచ్చింది. అది వేస్తే కష్టాలు తీరిపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి.

జేపీనగర్_పెరడు:
అందరికీ చాలా థాంక్స్. మిద్దెతోట గారు చెప్పింది నిజం, చెట్టు వైపు నలుపు చాలావరకు ఆ జిగురు మసే. కుంకుడుకాయ రసంతో రుద్దితే వదిలింది. సందుల్లోంచి గంపెడు మట్టి వచ్చింది, అందులో మొలకెత్తిన మామిడి టెంకలు కూడా ఉన్నాయి. మెత్తబడిన పలకలు మెట్టు దగ్గరే దొరికాయి. కొన్ని తిరగేశాం. అడుగున లేత ఆకుపచ్చ రంగు కనిపించింది, అదేమిటి? ఇక పెర్కార్బొనేట్, ఆక్సాలిక్ రెండూ అయ్యాక చెక్క లేత గోధుమ రంగుకు వచ్చింది. వాన పడింది కూడా, నడిచి చూశాం, జారడం లేదు. ఇప్పుడు నూనె పట్టించాలా?

చెక్కపని:
ఆ పచ్చదనం రాగి మందు పట్టించిన పైన్‌కి గుర్తు. మంచిదే, కుళ్లు తొందరగా పట్టదు. కానీ సాండ్ పేపర్ పట్టేటప్పుడు తప్పకుండా మాస్కు వేసుకోండి. పాత రకం మందులో ఆర్సెనిక్ కూడా ఉండేది. తీసేసిన ముక్కల్ని పొయ్యిలోగానీ భోగి మంటలోగానీ వేయొద్దు. నార లేచిన చోట 60 లేదా 80 నంబరు సాండ్ పేపర్ చాలు. అంతకంటే నున్నగా చేస్తే నూనె పీల్చదు, పట్టూ పోతుంది.

నూనె విషయంలో తొందరొద్దు. చెక్క పూర్తిగా ఆరాలి. నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. ఇంకిపోతే సిద్ధం, ముత్యాల్లా నిలిస్తే ఇంకా ఆగాలి. బెంగళూరులో దీనికి అనువైన కాలం జనవరి నుంచి మార్చి దాకా, వేసవి జల్లులు మొదలయ్యేలోపు. లోపలికి ఇంకే డెక్ ఆయిల్, రంగు పొడి కలిసినది తీసుకోండి. ఎండని ఆపేది ఆ రంగే. పలచగా పట్టించి, పావుగంట తర్వాత పీల్చుకోనిది గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగురుగా మిగిలి దుమ్ము పడుతుంది. పచ్చి లిన్‌సీడ్ ఆయిల్ చవకే గానీ మన వానలకి దాని మీద బూజు పెరుగుతుంది.

తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. లిన్‌సీడ్ లాంటి ఆరే నూనెలు గాలికి ఆరుతూ వేడి పుట్టిస్తాయి, గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, బయట విడదీసి ఆరేయండి.

పలాస_పిల్ల:
మా వైపు జీడిగింజల పెంకు నూనె పడవలకీ కంచె గుంజలకీ పూస్తారు. చెదలూ రావు, నీరూ పట్టదు. చవక కూడా. కానీ చెక్క బాగా నల్లబడుతుంది, చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కూర్చునే డెక్ పైముఖానికి వద్దు. కనబడని అడ్డకర్రలకు గ్లవ్స్ వేసుకుని పూసుకోవచ్చు.

మల్లేశ్వరం_పాతిల్లు:
నేను చెక్కపని గారితో ఒక్క దగ్గర ఒప్పుకోను. నూనె తప్పనిసరి కాదు. మా టేకు డెక్‌కి ఎప్పుడూ ఏమీ పూయలేదు, బూడిద రంగులోనే ఉంది, గట్టిగా ఉంది, కాలు కూడా జారదు. వారానికోసారి కొబ్బరి ఈనెల చీపురుతో ఊడవడం, వర్షాకాలానికి ముందు ఒకసారి రుద్ది కడగడం, అంతే. నూనె పూస్తే ఏటా మళ్లీ పూయాల్సిందే. డబ్బు తక్కువ ఉన్నవాళ్లు రంగు మీద ఆశ వదులుకుంటే చాలు.

చెక్కపని:
టేకుకి మీ మాట నిజం సార్, దానిలోనే సహజమైన నూనె ఉంది. పైన్‌కి అది లేదు, ఎండకు చీలుతుంది. అందుకే చెప్పాను. అయినా జేపీ నగర్ వాళ్లు ఈ ఏడాదికి ఆగి, పగుళ్లు చూసి నిర్ణయించుకోవచ్చు. నూనె ఆలస్యమైతే రంగు పోతుంది, సందులు మళ్లీ మూసుకుపోతే మాత్రం పాచి తిరిగొస్తుంది.

జేపీనగర్_పెరడు:
సరేనండీ, జనవరి దాకా ఆగుతాం. చివరి ప్రశ్న. మెట్టు అంచు మాత్రం తడిలో ఇంకా కాస్త భయంగానే ఉంది. ఏం చేయొచ్చు?

సర్జాపూర్_రవి:
మా బ్లాకులో ర్యాంపుకి వేసిన గరుకు టేపు ఉంది చూడండి, సాండ్ పేపర్‌లా ఉండేది, హార్డ్‌వేర్ షాపుల్లో మీటరు లెక్కన ఇస్తారు. అది అంటించండి.

చెక్కపని:
తడి తగిలే చెక్క మీద ఉత్త జిగురు టేపు ఒక వానాకాలంలో లేచిపోతుంది, లేచిన అంచు కాలికి తట్టుకుంటుంది. అల్యూమినియం పట్టీ మీద గరుకు పూత ఉన్నవి దొరుకుతాయి. అవి అంచు నుంచి రెండు వేళ్ల వెనక్కి పెట్టి, స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించండి. పసుపు రంగు పట్టీ తీసుకుంటే పెద్దవాళ్లకి చీకట్లో మెట్టు అంచు కనబడుతుంది. తలలు పైకి పొడుచుకు రాకుండా స్క్రూలు లోపలికి దిగేలా బిగించాలి.