నడుస్తున్న డ్రైవర్‌లో పాత జీపీఐవో ఫంక్షన్లు మార్చాలా, వద్దా?

గుణుపురం కుర్రాడు
మా ఊరి రైస్ మిల్లు వేబ్రిడ్జి దగ్గర లారీ బరువు చూపించే బోర్డు లినక్స్ మీద నడుస్తుంది. డిస్‌ప్లే చిప్ డ్రైవర్ ఎప్పుడో ఎవరో రాశారు. రీసెట్ పిన్నును (సాఫ్ట్‌వేర్ ఆన్, ఆఫ్ చేసే ఇలాంటి పిన్నునే జీపీఐవో అంటారు) నంబరుతో పిలిచే పాత పద్ధతి. 4.19 కెర్నల్‌కి (లినక్స్ మూల భాగం) 2024 డిసెంబరుతో సపోర్టు అయిపోయింది కదా, 6.12కి వెళ్దామనుకుంటున్నాను. పనిలో పనిగా డ్రైవర్‌ని డిస్క్రిప్టర్ పద్ధతికి, అంటే పిన్నును నంబరుతో కాక పేరుతో అడిగే కొత్త పద్ధతికి మార్చేయమంటారా?

పర్లాకిమిడి
వద్దు బాబూ. 6.12లో ఆ పాత ఫంక్షన్లు ఇంకా ఉన్నాయి. ధాన్యం సీజన్లో గేటు ముందు లారీలు ఆగిపోతే నీ డిస్క్రిప్టర్లు ఎవడిక్కావాలి?

బరంపురం అక్క
ఎలాగూ ఆ ఫైలు తెరవక తప్పదండీ. ఐ2సీ (రెండు వైర్లతో చిప్‌లను కలిపే పద్ధతి) డ్రైవరైతే చిప్‌ని మొదలుపెట్టే ప్రోబ్ ఫంక్షన్‌లో రెండో ఆర్గ్యుమెంటు తీసేశారు, దాన్ని వదిలేసే రిమూవ్ ఫంక్షన్ ఇప్పుడు ఏ విలువా తిరిగివ్వదు. పైగా పిన్ను నంబర్లే మారిపోయాయి. రాస్‌బెరీ పై 4లో 6.6 కెర్నల్ వచ్చాక 17వ నంబరు పిన్ను కాస్తా 529 అయింది. కోడ్‌లో నంబరు రాసిపెట్టుకున్నవాళ్లంతా తలలు పట్టుకున్నారు. డిస్క్రిప్టర్లు 3.13 నుంచీ ఉన్నాయి, కొత్తవేం కాదు.

తమ్ముడూ, జాగ్రత్త పడాల్సింది వేరే చోట. పాత జీపీఐవో_సెట్_వ్యాల్యూ ఫంక్షన్ డివైస్ ట్రీలోని (బోర్డులో ఏ చిప్ ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పే ఫైలు) 'యాక్టివ్ లో' జెండాను, అంటే వోల్టేజి తగ్గితేనే పని చేస్తుందనే గుర్తును పట్టించుకోదు. 0 ఇస్తే వైరు మీద 0 వోల్టులే. కొత్త జీపీఐవోడీ_సెట్_వ్యాల్యూకి 1 ఇస్తే 'రీసెట్ చెయ్' అని అర్థం. ట్రీలో 'యాక్టివ్ లో' అని ఉంటే అదే వైరు మీద 0 వోల్టులవుతుంది. పేర్లు మార్చి అంకెలు అలాగే వదిలేశావనుకో, చిప్ రీసెట్‌లోనే ఉండిపోతుంది. ఒక్క ఎర్రర్ రాదు, డిస్‌ప్లే వెలగదు.

గుణుపురం కుర్రాడు
అక్కా, మా ట్రీలో ఆ జెండా దగ్గర 0 ఉంది, అంటే యాక్టివ్ హై, వోల్టేజి పెరిగితే పని చేసేది. మల్టీమీటర్ పెట్టి చూస్తే రీసెట్ మాత్రం లో మీదే అవుతోంది.

బరంపురం అక్క
తిరకాసంతా అక్కడే ఉంది. పాత డ్రైవర్ ఆ జెండా చూడలేదు కాబట్టి తప్పు ఇన్నాళ్లూ బయటపడలేదు. ఇప్పుడు పేర్లు మాత్రం మార్చినా నడిచిపోతుంది. రేపెవరో ట్రీ దిద్దిన రోజు బోర్డు చస్తుంది. ట్రీలో జెండా, కోడ్‌లో అంకెలు కలిపి ఒకేసారి దిద్దు. ఇలాంటి తప్పుడు ట్రీల కోసం కెర్నల్‌లోనే ఒక సవరణల పట్టిక పెట్టుకున్నారంటే చూడు, ఇది నీ ఒక్కడి బాధ కాదు.

పర్లాకిమిడి
నంబర్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ డిస్‌ప్లే ఆరిపోతే లారీవాళ్లు ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిడతారు. కొనుగోళ్లు అయ్యాకే ముట్టుకో, పాత ఎస్‌డీ కార్డు జేబులో పెట్టుకుని మరీ వెళ్లు.