'హోల్ లాటా లవ్': కాపీయా, బ్లూస్ సంప్రదాయమా?

పాతరికార్డు:
ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ 'హోల్ లాటా లవ్' సింగిల్‌ని 1969 నవంబర్‌లో అమెరికాలో విడుదల చేసింది. 1970 జనవరికల్లా బిల్‌బోర్డ్ చార్టులో 4వ స్థానానికి చేరింది. జర్మనీలో ఒకటో స్థానమే. లేబుల్ మీద రచయితలుగా బ్యాండ్‌లోని నలుగురి పేర్లే వేసుకున్నారు: గిటారిస్ట్ జిమ్మీ పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్, జోన్స్, బోనమ్. మాటల్లో చాలా భాగం మాత్రం 1962లో చికాగో బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాత సంగీతం) గాయకుడు మడ్డీ వాటర్స్ పాడిన 'యు నీడ్ లవ్' లోవి. ఆ పాట రాసింది విల్లీ డిక్సన్. ఆయన 1985లో కేసు వేస్తే 1987లో కోర్టు బయట రాజీ కుదిరింది, ఆయన పేరూ క్రెడిట్స్‌లో చేరింది. మీ లెక్కలో ఇది కాపీయా, లేక బ్లూస్‌లో మొదట్నుంచీ ఉన్న ఇచ్చిపుచ్చుకోవడమా?

రిఫ్‌_రాజు:
కాపీ అంటే ఒప్పుకోను. పాటంతా తిరిగి తిరిగి వచ్చే ఆ గిటార్ వరస, అంటే రిఫ్, జిమ్మీ పేజ్ సొంతం, మడ్డీ వాటర్స్ పాటలో అలాంటిది లేదు. జనం వెర్రెత్తిపోయింది మాటలు విని కాదు, ఆ సౌండ్ విని. పాట మధ్యలో రిఫ్ ఆగిపోయి, డ్రమ్స్ మీద థెరెమిన్ (చెయ్యి తగలకుండా వాయించే ఎలక్ట్రానిక్ వాయిద్యం) కేకలు ఒక స్పీకర్ నుంచి ఇంకో స్పీకర్‌కి తిరుగుతాయి. పేజ్, సౌండ్ ఇంజినీర్ ఎడ్డీ క్రేమర్ ఇద్దరూ న్యూయార్క్‌లో కూర్చుని చేసిన మిక్స్ అది. నాలుగు నిమిషాలు దాటాక హెడ్‌ఫోన్స్‌లో జాగ్రత్తగా వినండి. ప్లాంట్ గట్టిగా పాడే ముందే అదే మాట ఎక్కడో దూరం నుంచి సన్నగా వస్తుంది. వేరే టేక్‌లోని గొంతు టేప్ మీద చొచ్చుకొచ్చింది. ఎంత చేసినా పోకపోయేసరికి దానికి రివర్బ్ (ప్రతిధ్వని) కలిపి పాటలో భాగం చేసేశారు. ఇదంతా 1962 రికార్డులో ఎక్కడుంది?

చికాగో_శ్రోత:
రాజు గారూ, రిఫ్ గురించి నాకు పేచీ లేదు, మిక్స్ గురించి అసలే లేదు. గొడవంతా మాటల గురించి. నీకు కావాల్సింది ప్రేమేనని లోలోపలి మాట చెప్పడం, నేనేం ఆటలాడట్లేదనడం, నీకు బడి చదువు కావాలన్న వరస, అన్నీ డిక్సన్‌వే. ప్లాంట్ స్వయంగా తర్వాత ఒక ఇంటర్వ్యూలో రిఫ్ పేజ్‌దనీ, దాని మీద ఏం పాడాలో తోచక ఆ మాటలు ఎత్తేశాననీ చెప్పాడు. పాడినవాడే అలా అన్నాక మనం వెనకేసుకు రావడం ఎందుకు?

పైగా సరైన పద్ధతి ఏంటో అప్పటికే అందరికీ తెలుసు. డిక్సన్ రాసి హౌలిన్ వుల్ఫ్ 1961లో రికార్డు చేసిన 'లిటిల్ రెడ్ రూస్టర్' ని ఇంగ్లండ్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ 1964లో సింగిల్‌గా వేశారు. రచయిత డిక్సన్ అని లేబుల్ మీద రాశారు. ఆ డిసెంబర్‌లో బ్రిటన్‌లో ఒకటో స్థానం వచ్చింది. పేరు వేస్తే పాట అమ్ముడుపోదన్న భయం అక్కర్లేదని అదే రుజువు.

సముద్రపుగాలి:
రెండో వైపు కూడా చూడండి. ఆ 'రూస్టర్' కూడా డిక్సన్‌కి ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1929లోనే చార్లీ ప్యాటన్ 'బ్యాంటీ రూస్టర్ బ్లూస్' పాడాడు. బ్లూస్ అంటేనే ఒకరి చరణం ఇంకొకరి నోట్లో పెరగడం. మన జానపదాలు మాత్రం ఎవరివి? ఇంకో సంగతి, 1966లో స్మాల్ ఫేసెస్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ కూడా ఇదే పాటని 'యు నీడ్ లవింగ్' పేరుతో తమ సొంతమన్నట్టు వేసుకున్నారు. వాళ్లని ఎవరూ అడగరు, తిట్లన్నీ జెప్పెలిన్‌కే.

రిఫ్‌_రాజు:
అవును. హిట్టయినవాడి మీదే అందరి కళ్లూ.

చికాగో_శ్రోత:
జానపదంతో పోలిక ఇక్కడ నిలబడదు. జానపదం కట్టిందెవరో తెలీదు. డిక్సన్ 1969లో బతికే ఉన్నాడు, చికాగోలోనే ఉన్నాడు, పాటకి ఏడేళ్లే. అందరూ వాడుకునే పాత వరస మీద కొత్త పాట కట్టడం వేరు, నిన్నమొన్న రాసిన మనిషి పేరు తీసేయడం వేరు. ఇదేదో ఒక్కసారి పొరపాటు అనుకోవడానికీ లేదు. 'హోల్ లాటా లవ్' ఉన్న అదే ఆల్బమ్‌లో 'బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్' ఉంది. సన్నీ బాయ్ విలియమ్సన్ కోసం డిక్సన్ రాసిన పాట. దాని మీద ఆర్క్ మ్యూజిక్ అనే పబ్లిషర్ (పాటల హక్కులు చూసే కంపెనీ) 1972లో కేసు వేస్తే రాజీ చేసుకున్నారు.

ఆర్క్ పేరు వచ్చింది కాబట్టి చెప్పాలి. అది మడ్డీ వాటర్స్ పాటలు వేసిన చికాగో కంపెనీ చెస్ రికార్డ్స్ యజమానులకి వాటా ఉన్న పబ్లిషింగ్ కంపెనీ. రాయల్టీల కోసం 1970ల్లో డిక్సన్, మడ్డీ వాటర్స్ ఆ కంపెనీ మీదే కోర్టుకెక్కాల్సి వచ్చింది. అంటే ఇంగ్లండ్ కుర్రాళ్లకంటే ముందే సొంత ఊళ్లోనే వీళ్ల డబ్బు ఆగిపోయింది. ఇది తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పాట రాసినవాడికి మిగిలేది లేబుల్ మీద పేరు, దాని వెంట వచ్చే రాయల్టీ. ఆ రెండూ పోయాక సంప్రదాయం అని సర్దిచెబితే ఏం లాభం?

పాతరికార్డు:
ఒక చిన్న అనుమానం. ఐదున్నర నిమిషాల పాట అప్పట్లో రేడియోలో ఎలా ఆడింది?

రిఫ్‌_రాజు:
కొన్ని స్టేషన్లు మధ్య భాగం కోసేసి వేశాయి. అది చూసి జెప్పెలిన్ రికార్డు కంపెనీ అట్లాంటిక్ స్వయంగా మూడు నిమిషాల చిన్న ఎడిట్ తయారుచేసింది. బ్రిటన్‌లో సింగిల్‌గా రాకుండా మేనేజర్ పీటర్ గ్రాంట్ ఆపేశాడు. సింగిల్ లేకపోయినా టాప్ ఆఫ్ ది పాప్స్ అనే బీబీసీ ప్రోగ్రామ్‌కి 1970ల్లో ఏళ్ల తరబడి ఇదే థీమ్, సీసీఎస్ బ్యాండ్ వాయించిన వెర్షన్‌లో. ఆ ట్యూన్‌లో మాటలే లేవు. అందుకే అంటున్నా, పాటకి ప్రాణం రిఫ్.

చికాగో_శ్రోత:
రిఫ్‌కి పేజ్ పేరు ఉండాలి, ఉంది. మాటలకి డిక్సన్ పేరు మొదటి రోజే ఉండాల్సింది, పద్దెనిమిదేళ్లు పట్టింది. ఈ రెండు పాటలూ ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని, ఏయే లైన్లు ప్లాంట్ కొత్తగా రాశాడో ఇక్కడ రాయండి. అక్కణ్నుంచి మాట్లాడుకుందాం.